గంజి కిటికీ దగ్గర మైకు

మా ముత్తాత మూడు ఊళ్ళకు మునసబు. ఆయన గుర్రం మీద వేంపల్లె సంతకు పోతే ఎదురొచ్చిన బండ్లు పక్కకు తిప్పుకుని నిలబడేవట. మా తాత తాలూకా బోర్డు మెంబరు. ఏటా శిస్తు లెక్కలు చూసే జమాబందికి కలెక్టరు వచ్చినప్పుడు కుర్చీలు మా వసారాలోనే వేసేవారు. మా నాన్న చాలా ఏళ్ళు ఊరికి ప్రెసిడెంటు. భూమి పోయింది ఆయన కాలంలోనే. తాగి పోగొట్టలేదు, పేకాటలో పోగొట్టలేదు. ఒక బోరు పక్కన ఇంకో బోరు వేయిస్తూ, నీళ్ళ కోసం పోగొట్టాడు. ఆ సంగతి చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు. వాళ్ళకు మిగిలిన వారసురాలిని నేనొక్కతినే. హైస్కూల్లో సోషల్ పాఠాలు చెప్పి రిటైరయ్యాను. భర్త పోయాక పుట్టింటికి వచ్చి ఉంటున్నాను. ఇంట్లో సగం గదులు మూసే ఉంటాయి. తెరిచి ఉన్న సగాన్ని రోజూ ఊడ్చి, తుడిచి, వాకిట్లో ముగ్గు వేస్తాను. చూసేవాళ్ళు ఉన్నా లేకపోయినా వేస్తాను.

మా ప్రహరీకి పడమర వైపు, సందులోకి, నడుము ఎత్తున ఒక కిటికీ ఉంది. తలుపు లేదు, ఊచలు లేవు. మూరెడు వెడల్పు, కింద ఒక నాపరాయి పలక. పెద్ద కరువులో మా ముత్తాత గోడ కొట్టించి పెట్టించాడు. ఆ రోజుల్లో రోడ్డు మీద సర్కారువాళ్ళు గంజి పోసేవారు. కూలీనాలీ జనం పోయి తాగేవారు. నాలుగెకరాలున్న రైతు మాత్రం ఆ వరుసలో నిలబడలేక, తలుపులు మూసుకుని లోపల పిల్లల్ని మాడ్చుకునేవాడు. అట్లాంటి వాళ్ళ కోసం పెట్టిన కిటికీ అది. సందులోంచి వచ్చిన మనిషి గిన్నెను పలక మీద పెడుతుంది. లోపల పీట మీద కూర్చున్న మనిషి గంజి పోసి గిన్నెను ముందుకు తోస్తుంది. వాళ్ళకు మన చేతులు కనిపిస్తాయి, మనకు వాళ్ళ చేతులు కనిపిస్తాయి. అంతే. మాట్లాడకూడదు. వాటన్నిటికంటే పెద్ద నియమం ఒకటుంది. గిన్నె మీద పేరు చదవకూడదు.

మా వైపు గిన్నెల మీద పేర్లు చెక్కించుకుంటారు. పెళ్ళిలో పెట్టినవాటి మీద పెట్టినవాళ్ళ పేరు, ఇంట్లో కొన్నవాటి మీద ఇంటి పెద్ద పేరు. కిటికీకి వచ్చేవాళ్ళు పేరున్న వైపును తమ వైపుకు తిప్పి పెట్టేవారు. కొందరు దాని మీద తడి బూడిద పూసి తెచ్చేవారు. లోపలివాళ్ళు గిన్నెను తిప్పకూడదు. పెట్టినది పెట్టినట్టే నింపి, అట్లాగే తోయాలి. కరువు పోయాక కూడా ఎండాకాలంలో మా ఇంట్లో ఆ కిటికీ నుంచి మజ్జిగ పోసేవారు. చిన్నప్పుడు సెలవులకు వచ్చిన మా మేనమామ కొడుకు, ఒక చెంబును తిప్పి పేరు చదవబోతే, మా అవ్వ గరిటెతో వాడి వేళ్ళ మీద కొట్టింది. వాడు ఏడుస్తూ వేంపల్లె పోతానన్నాడు. పొమ్మంది.

ఆ కిటికీని నేను మళ్ళీ తెరవాల్సి వస్తుందని అనుకోలేదు. చుట్టుపక్కల చీనీ తోటలు, అంటే బత్తాయి తోటలు, ఒకదాని తర్వాత ఒకటి ఎండిపోయాయి. కాపు మీదున్న చెట్లను నరికి ట్రాక్టర్లలో కట్టెల కింద తోలారు. తోటలు పోతే కోత కూలీ పోయింది, కాయలు మోసే పని పోయింది. ఎండాకాలం సెలవులిచ్చి బడిలో మధ్యాహ్న భోజనం ఆగిపోయిన వారంలో, మా సందులో పిల్లలు మిట్ట మధ్యాహ్నం ఆడుకోవడం మానేసి గోడ నీడన పడుకుని ఉండటం చూశాను. ముప్పై ఏళ్ళు పిల్లల మధ్య బతికినదాన్ని. నిద్రకు పడుకున్న పిల్లలకూ, ఓపిక లేక పడుకున్న పిల్లలకూ తేడా నాకు తెలుసు.

మరుసటి రోజు నుంచి సంగటి వండటం మొదలుపెట్టాను. నాకు తోడు చర్చి వీధి నుంచి ఒక ఆమె వచ్చేది. నా కంటే నాలుగేళ్ళు చిన్నది, నోరు మాత్రం నా కంటే చాలా పెద్దది. ఆదివారం చర్చికి పోయి వచ్చాకే పొయ్యి దగ్గరికి వచ్చేది, కానీ రాకుండా ఉన్న రోజు లేదు. రాగి సంగటి, నంజుకోవడానికి వేరుశనగల ఊరుబిండి, ఉన్నరోజు పప్పు. మధ్యాహ్నం నుంచి గిన్నెలు వచ్చేవి. స్టీలువి, సిల్వరువి, టిఫిన్ క్యారియర్ గిన్నెలు. పొద్దు వాలాక, సందులో అలికిడి పూర్తిగా ఆగాక, ఆఖరున ఒక ఇత్తడి గిన్నె వచ్చేది. దాన్ని పట్టుకున్న చేతికి గాజులు చప్పుడు కాకుండా మోచేతి పైకి తోసి ఉండేవి.

ఎవరిదో నాకు తెలుసు. సందుకు అవతల మూడో ఇల్లు. ఆమె మామ ఊరి పంచాయితీల్లో ముందు వరుసలో కూర్చున్న మనిషి. ఆయన మాట చెప్తే ఎదురు చెప్పేవాళ్ళు లేరు. చీనీ తోట ఆయన పెట్టినదే. ఆయన పోయాక తోట పోయింది. ఆయన కొడుకు బోరు లారీ మీద పనికి పోయి, పైపు మీదపడి నడుము విరగ్గొట్టుకుని మంచంలో ఉన్నాడు. ఇద్దరు ఆడపిల్లలు, చదువుకునే వయసువాళ్ళు. ఆమె పగలు ఎదురైతే నన్ను "అక్కా, బాగుండావా" అని పలకరించేది. నేను "బాగున్నా" అని చెప్పి నా దారిన పోయేదాన్ని. ఆ గిన్నె రాని రోజు ఆ ఇంట్లో నలుగురూ నీళ్ళు తాగి పడుకుంటారు. ఆ గిన్నె మీది పేరు నలుగురిలో పడిందంటే ఆమె పిల్లల్ని పస్తు పెడుతుంది గానీ మళ్ళీ సందు దాటదు. నేనైనా అదే చేస్తాను. అందుకని తెలిసి, తెలియనట్టు ఉండటమే నా పని.

నా పెన్షన్‌తో అది ఎన్నాళ్ళో సాగేది కాదు. అప్పుడు దిగాడు మా బావ. చిన్నప్పుడు గరిటె దెబ్బ తిన్నవాడే. వేంపల్లెలో సిమెంటు, ఇనుము వ్యాపారం. బాగా సంపాదించాక ఒక సేవా సమితి పెట్టాడు. పేదలకు అన్నం పెట్టడం దాని పని. కారు దిగి నేరుగా పెరట్లోకి వచ్చాడు.

"ఏమ్మే, పొగలో కూర్చోని ఎన్నాళ్ళు గెలుకుతావు ఈ సంగటి? తెడ్డు నీ కంటే బరువుండాది."

"నీ కడుపు కంటే తేలికే బావా. కూర్చో, మజ్జిగ ఇస్తా."

"నాకు కూర్చునేకి యాడ తీరతాది? వారానికి మూడు ఊర్లు తిరుగుతాండాం. ఇట్ల చూడు. బియ్యం మావి, బ్యాళ్ళు మావి, గ్యాసు మాది. జాగా నీది. పేరు ఇద్దరిదీ."

"పేరు నాకొద్దు."

"వద్దంటే ఇంకా మంచిది" అని నవ్వాడు.

నేను మూడు సంగతులు చెప్పాను. కిటికీని మార్చకూడదు. మొహాలు ఫోటోలు తీయకూడదు. గిన్నె మీద పేరు చదవకూడదు. మూడింటికీ తల ఊపాడు. మా బావకు తల ఊపడం బాగా వచ్చు.

మొదటి వారమే పసుపు టీషర్టులు వేసుకున్న జనం దిగారు. అందరి వీపుల మీదా మా బావ. ప్రహరీ మీద మేకులు కొట్టి ఒక ఫ్లెక్సీ కట్టారు. అందులో మా బావ చేతులు జోడించి నిలబడ్డాడు. ఆ జోడించిన చేతుల కింద సరిగ్గా మా కిటికీ వచ్చింది, నోరు తెరుచుకున్న హుండీ లాగా. సంగటి ఆగిపోయి పులిహోర వచ్చింది. తెల్లవారుజామున వేంపల్లెలో వండి, పొగలు కక్కుతుండగానే ప్లాస్టిక్ కవర్లలో కట్టి తెచ్చేవారు. కవరు మీద మా బావ మొహమున్న స్టిక్కరు. ఆ వేడికి బంక కరిగి స్టిక్కరు ఊడి, కవరు విప్పేటప్పుడు లోపలికి పోయేది. ఒకరోజు చెయ్యి పెట్టి అన్నం తీస్తే అన్నంతో పాటు మా బావ చెవి వచ్చింది.

చర్చి వీధి ఆమె దాన్ని వేళ్ళతో తీసి గోడకు అంటించింది. "మీ బావ శానా రుచైన మనిషి. ఉప్పే తక్కువ" అంది.

నేను నవ్వలేదు. ఆ కవరు పక్కన పెట్టేశాను.

ఫోటోల సంగతి అడిగితే, మొహాలు తీయడం లేదు, చేతులే తీస్తున్నామన్నారు. నిజమే. పీట పక్కన ఒకడు ఫోన్ పట్టుకుని కూర్చునేవాడు. ఒక ముసలామె చెయ్యి లోపలికి వచ్చింది.

"అవ్వా, చెయ్యి ఇంకా కొంచెం నిదానంగా తియ్యి. మళ్ళీ పెట్టు. ఆ వణుకుండాది సూడు, అది బాగా పడుతుంది."

"నాది వయసుకు వణుకుతాంది నాయనా" అంది బయటి నుంచి ఆమె. "నీ నోటికి ఏం రోగమొచ్చింది?"

వాడు నవ్వి ఇంకో ఫోటో తీశాడు. తర్వాత ఆ చెయ్యి వాళ్ళ సమితి గ్రూపులో తిరిగింది. కింద దండాలు పెట్టిన బొమ్మలు, పువ్వుల బొమ్మలు. మధ్యాహ్నం ఇక్కడ పంచి, సాయంత్రం గండికోట పోయి, లోయ అంచున చేతులు చాపి ఫోటోలు దిగి, ఆ ముసలామె చేతి పక్కనే వాటినీ పెట్టుకున్నారు. ఆకలి ఒక చూడదగ్గ ప్రదేశం, గండికోట ఇంకొకటి.

ఒక ఆదివారం ఎవరో నాయకుడు వస్తాడన్నారు. పదింటికి అన్నారు. పొట్లాలన్నీ టార్పాలిన్ మీద వరుసగా పేర్చి, జనాన్ని ఎండలో కూర్చోబెట్టారు. ఆయన చేత్తో ఇవ్వనిదే ఎవరూ ఒక్క పొట్లం ముట్టకూడదు. ఆయన వచ్చేసరికి రెండు దాటింది. వచ్చి, ఆరుగురికి ఇచ్చి, ఇచ్చేటప్పుడు కెమెరా వైపు చూసి, కారెక్కిపోయాడు. మిగిలిన పొట్లాలు విప్పితే లోపల చెమట పట్టినట్టు నీళ్ళు, పులిసిన వాసన. తిన్న పిల్లలు సాయంత్రం వాంతులు చేసుకున్నారు. తినకుండా మిగిలినవన్నీ వ్యాన్‌లో తీసుకుపోయి పాపాఘ్ని ఏటి ఇసకలో పోశారు. మరునాడు నేను అటు పోయి చూశాను. కుక్కలు కవర్లు చించుతున్నాయి. ఇసక మీద ఎక్కడ చూసినా మా బావ చేతులు జోడించి నవ్వుతున్నాడు. అన్నాన్ని అట్లా చూడటం నాకు పుట్టి బుద్ధెరిగిన తర్వాత అదే మొదటిసారి. ఇంటికి వచ్చి స్నానం చేసినా ఆ వాసన ముక్కులోంచి పోలేదు.

అప్పుడే పొమ్మని ఎందుకు చెప్పలేదని ఎవరైనా అడగవచ్చు. ఇత్తడి గిన్నె ఇంకా వస్తోంది. సమితి బ్యాళ్ళతో సాయంత్రం పూట నేను వండే పప్పు కూడా ఇప్పుడు అందులో పడుతోంది. నా పెన్షన్‌తో వండినప్పుడు పప్పు వారానికి రెండు రోజులే. ఆ ఇద్దరు ఆడపిల్లల కోసం నేను ఆ పసుపు టీషర్టులను భరించాను. రోత పుట్టినా భరించాను.

జనం పెరిగారు. పొట్లాలు వద్దు, గిన్నెల్లోనే పోయండని నేను పట్టుబడితే ఒప్పుకున్నారు గానీ, కిటికీతో ఆలస్యమవుతోందన్నారు. సందులో టార్పాలిన్ పరిచి, గిన్నెలన్నీ వరుసగా పెట్టించి, బకెట్లతో ఒకేసారి పోసుకుంటూ పోతే అరగంటలో అయిపోతుందట. పన్నెండింటికి మొదలు, పన్నెండున్నరకు గండికోటకో ఇంకో ఊరికో. సాయంత్రం కిటికీ లేదు, దానికి సామాను ఇవ్వరట. నేను పెరట్లో ఉండగానే నిర్ణయం జరిగిపోయింది. మా ఇంటి కిటికీ, మా ఇంటి సందు. నన్ను అడిగినవాళ్ళు లేరు.

మొదటి రోజే ఇత్తడి గిన్నె కూడా ఆ వరుసలోకి రావలసి వచ్చింది. వేరే దారి లేదు కదా. జనం పోగవకముందే ఆమె వచ్చి, వరుస చివర, పేరున్న వైపు గోడకు తిప్పి గిన్నె పెట్టి పోయింది. అందరూ తీసుకుపోయాక వచ్చి తీసుకుందామని. పెట్టడం నేను కిటికీలోంచి చూశాను. గాజులు పైకి తోసిన చెయ్యి. ఆమె పోయి తలుపు వేసుకుంది.

మైకు పట్టుకున్న ఆయన వేంపల్లె కళ్యాణమండపాల్లో పెళ్ళిళ్ళకు వచ్చినవాళ్ళను ఆహ్వానించే మనిషి. గొంతు బాగుంటుంది. గిన్నెలు నింపాక జనం ఒక్కసారిగా ఎగబడితే తొక్కిసలాట అవుతుందని, ఆయనకు ఒక ఆలోచన వచ్చింది. గిన్నె మీద పేరు చదివి, ఒక్కొక్కరినీ మర్యాదగా పిలవడం. పేరుకు ముందు శ్రీ, వెనక గారు. మర్యాద చేస్తున్నానని ఆయన నిజంగానే అనుకున్నాడు. నేను లోపల చేతులు కడుక్కుంటున్నాను. మొదటి పేరు వినగానే చెంబు వదిలేసి వాకిలి వైపు నడిచాను. వాకిలి చుట్టు తిరిగి సందులోకి రావడానికి చాలా దూరం. నేను వచ్చేసరికి ఆయన వరుస చివరికి చేరుకుని, ఇత్తడి గిన్నెను గోడ వైపు నుంచి తిప్పి, అద్దాలు సర్దుకుంటున్నాడు.

చదివాడు. ఆమె మామ పేరు, ఇంటి పేరుతో సహా.

"గారి కుటుంబ సభ్యులు ఎక్కడున్నా వెంటనే వేదిక వద్దకు విచ్చేసి, తమ గిన్నెను స్వీకరించవలసిందిగా సవినయంగా కోరుతున్నాము."

వేదిక అంటే ఆ టార్పాలిన్. మూడో ఇంటి తలుపు వేసే ఉంది. మైకు మళ్ళీ అదే పేరు చెప్పింది, ఈసారి ఇంకా గట్టిగా.

"ఆయన పోయి శానా ఏండ్లాయ గదప్పా" అన్నాడు వెనక నుంచి ఒకడు. "ఇప్పుడొచ్చి అన్నం అడుగుతాండాడా?"

నవ్వులు. "ఏమప్పా, వాళ్ళింటోళ్ళు గూడా గిన్నె పెడతాండారా?" అని ఇంకొకడు. నవ్వినవాళ్ళ చేతుల్లోనూ గిన్నెలున్నాయి. ఆ మనుషుల మీద నాకు కలిగిన అసహ్యం ఇంతవరకూ తగ్గలేదు. ఆకలి మనిషిని మంచివాడిని చేస్తుందని నేను ఎన్నడూ అనుకోలేదు, అయినా.

నేను టార్పాలిన్ తొక్కుకుంటూ పోయి గిన్నె తీసుకున్నాను.

"ఇది నాది" అన్నాను.

"పేరు వేరేది ఉంది మేడమ్" అన్నాడు మైకాయన, మైకులోనే.

"పేరు వాళ్ళదే. గిన్నె నేను వాళ్ళింట్లో అడిగి తెచ్చుకున్నాను."

"మరి అన్నం ఎవరికి మేడమ్?"

"నాకే."

ఆ మాట మైకులో పడి సందు చివరిదాకా పోయింది. నవ్వులు ఆగాయి. నవ్వు కంటే ఆ ఆగడం నాకు కష్టంగా తోచింది. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న మా బావ నల్లద్దాలు తీసి నా వైపు చూశాడు. అప్పుడు వెనక నుంచి చర్చి వీధి ఆమె గొంతు లేచింది.

"చెప్తే వినే మనిషైతే గదా! ఇంట్లో గిన్నెలన్నీ పెరట్లో పడేసి, తోముకునేకి బద్ధకమై పక్కిండ్లలో బదులు తెస్తాది. జరగండప్పా, నిలబడి ఏం సూస్తాండారు, ఈమెకేమన్నా కొమ్ములొచ్చినాయా?"

జనం కదిలారు. నేను గిన్నె పట్టుకుని ఇంట్లోకి వచ్చాను. అన్నం వాసన చూశాను. పులుపెక్కడం మొదలైంది. పారబోసి, చింతపండు వేసి తోమాను, పేరున్న వైపు చూడకుండానే. చర్చి వీధి ఆమె, నేను ఎసరు పెట్టి సంగటి గెలికాము. ఊరుబిండి నూరాము. అడిగి తెచ్చుకున్న గిన్నెను ఖాళీగా తిరిగి ఇవ్వడం మా వైపు ఏ ఇంట్లోనూ లేదు. అది అందరికీ తెలిసిన మర్యాద, ఎవరూ తప్పు పట్టలేరు. సందులో అందరూ అరుగుల మీద ఉండగానే, పట్టపగలు, నిండు గిన్నె పట్టుకుని పోయి మూడో ఇంటి తలుపు కొట్టాను.

చాలాసేపటికి తెరిచింది. కళ్ళు వాచి ఉన్నాయి. నా మొహం వైపు చూసింది, గిన్నె వైపు చూసింది, నా వెనక అరుగుల మీదున్న జనం వైపు చూసింది. నేను గిన్నె ముందుకు చాపాను. జాలి మాట ఒక్కటి చెప్పి ఉంటే ఆ తలుపు మూసుకుని ఉండేది.

"ఏమక్కా" అంది, సందంతా వినపడేలా. "గిన్నె ఎప్పుడు తీసుకపోతివి, ఎప్పుడు తెస్తాండావు? మా అత్త బతికుంటే నీకు ఇంకోసారి ఇచ్చేదే కాదు."

"మరిచిపోతి. తప్పయిందిలే. రేపు మళ్ళీ కావల్ల."

"ఇస్తాలే. సొట్ట పెట్టొద్దు, మా మామ గిన్నె అది."

"నీ గిన్నె నేనేం తిననులే."

"తినేది ఏముండాది దాంట్లో, ఇత్తడే గదా" అని గిన్నె అందుకుంది. పేరున్న వైపును తన వైపుకు తిప్పుకుంది. లోపల పిల్లలు మంచం పక్కన నిలబడి ఉన్నారు. తలుపు వేసింది, నెమ్మదిగా.

మరునాడు పొద్దున పెద్ద పిల్ల వచ్చి, "మా గిన్నె అడుగుతాంటివంట, ఇదో" అని వాకిట్లో పెట్టి పోయింది. సాయంత్రం నింపి తిరిగి ఇచ్చాను. ఆ తర్వాత రోజూ అంతే. నేను గిన్నె అడగడం, వాళ్ళు ఇవ్వడం, నేను తిరిగి ఇవ్వడం. ఆమె ఒక్కరోజు కూడా మాట మార్చలేదు. "పెద్దింట్లో ఇంత సామాను పెట్టుకోని మా గిన్నె మీదే కన్ను నీకు" అని అరుగు మీదున్నవాళ్ళ ముందే దెప్పేది. నేను తల వంచుకుని వినేదాన్ని. మా వంశంలో అట్లా విన్నవాళ్ళు ఎవరూ లేరు.

మూడోరోజో నాలుగోరోజో మా బావ వచ్చాడు. వెనక ఫోన్ పట్టుకున్నవాడు, వాడి వెనక సంచి మోస్తూ ఇంకొకడు. సంచి మీద మా బావ మొహం.

"ఏమ్మే, ఇంట్లో జరుగుబాటు లేదని నాతో ఒక మాట చెప్పింటే నేను పంపిస్తాంటి గదా. మేనమామ కొడుకుని, నేనేమన్నా పరాయోన్నా? పదిమందిలో గిన్నె పట్టుకుంటివే!" ఆయన నిజంగానే ఏడ్చాడు. అది చూసి నాకు ఇంకా రోత పుట్టింది. ఏడుస్తూనే కొంచెం పక్కకు జరిగాడు, ఫోన్‌లో మేమిద్దరం పడేలా.

తర్వాత తన ఫోన్ తీసి నాకు చూపించాడు. టార్పాలిన్ మీద గిన్నె పట్టుకుని నేను. కింద రాశారు, ఒకప్పుడు పదిమందికి పెట్టిన ఇంటికి ఈనాడు మన సమితి పెడుతోందని. దండాల బొమ్మలు, పువ్వుల బొమ్మలు. ఓర్వకల్లులో ఉన్న నా పాత స్టూడెంటు ఒకతి కూడా, మేడమ్ మీకేమైనా కావాలంటే చెప్పండి అని రాసింది. ఒక్క మాట చెబితే చాలు, అదంతా చెరిగిపోయేది. ఆ గిన్నె నాది కాదని చెబితే చాలు. చెప్పడానికి లేదు.

"జరగలేదు బావా" అన్నాను. "సరేనా? ఇంక మీ బియ్యం, మీ మైకు, ఆ గోడ మీద గుడ్డ, ఈ సంచి తీసుకుని పొండి."

"జరగనోళ్ళు ఎవురన్నా బియ్యం వద్దంటారామ్మే?"

"మా ఇంట్లో అంటారు."

"నీకు పొగరు తగ్గలేదు."

"తగ్గితే చెప్పి పంపిస్తాలే."

సంచి వాకిట్లోనే వదిలి పోదామని చూశారు. ఎత్తుకునేదాకా నేను గడపలోంచి కదల్లేదు. ఫ్లెక్సీ విప్పుకుని పోయారు. మేకులు గోడలోనే ఉండిపోయాయి. వాళ్ళిప్పుడు రోడ్డు మీద, బస్టాపు దగ్గర పంచుతున్నారు. పొట్లాలు నచ్చినవాళ్ళు అక్కడికే పోతున్నారు. ఊరంతా నేను పస్తులుంటున్నానని నమ్మింది. అంగడాయన జొన్నలు కొలిచేటప్పుడు ఒక దోసెడు ఎక్కువ వేస్తాడు. ఆ దోసెడు వెనక్కి పోయించి వస్తాను. ఆయన నన్ను జాలిగా చూస్తాడు. ఆ చూపు ఇంటిదాకా నా వీపు మీదే ఉంటుంది, ఏదో అంటుకున్నట్టు.

కిటికీ మళ్ళీ సాయంత్రాలు తెరుస్తున్నాను. గిన్నెలు తగ్గాయి గానీ ఆగలేదు. రాగులూ, చెనిక్కాయ విత్తనాలూ, కట్టెలూ కొనాలి. పెన్షన్ సగం నెలకే సరిపోతుంది.

మిగతా సగం నెల కోసం ఆ ఎండాకాలంలోనే మా గొడ్లచావిడి పైకప్పు విప్పించాను. టేకు దూలాలు ప్రొద్దుటూరు నుంచి వచ్చిన పాత కలప వ్యాపారికి అమ్మాను.